ఖాళీగా ఉండటం అంత సులువేం కాదు

కంప్యూటర్ల చరిత్ర అని ఏ పుస్తకం తిరగేసినా అవి ఎంత వేగంగా పనిచేశాయో రాసి ఉంటుంది. పని లేనప్పుడు ఏం చేశాయో ఎక్కడా ఉండదు. నిజానికి మన ప్రాసెసర్ల బతుకులో ఎక్కువ భాగం ఖాళీయే. మీరు ఈ పేరా చదవడానికి పది సెకన్లు పట్టిందనుకోండి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి ఆ పది సెకన్లలో మూడు వేల కోట్ల సైకిళ్ళు. తెర మీద కదలని అక్షరాలని చూపించడానికి వాటిలో ఎన్ని కావాలి? చాలా తక్కువ. మరి మిగతా సమయమంతా అదేం చేస్తోంది?

"ఏముంది, ఊరికే ఉంటుంది" అంటారా? ఆ ఊరికే ఉండటం నేర్పడానికి కెర్నెల్ రాసేవాళ్ళకి పాతికేళ్ళ పైనే పట్టిందండి. ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని చెప్పలేం. ఆ కథే ఈ టపా. సర్వర్లతో రోజూ కుస్తీ పట్టే మనవాళ్ళకి ఇది తెలిసి ఉండాలని నా అభిప్రాయం. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదట ఒక చిక్కు. కెర్నెల్‌కి పని లేకపోయినా ప్రాసెసర్ ఏదో ఒక ఇన్‌స్ట్రక్షన్ నడపాల్సిందే. దానికి "ఏమీ చెయ్యకు" అని చెప్పాలన్నా ఒక ఇన్‌స్ట్రక్షన్ కావాలి. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లోనే అది ఉంది, పేరు హాల్ట్. అయితే అప్పట్లో దాని ఉద్దేశం కరెంటు ఆదా కాదు, ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగమని చెప్పడం, అంతే. డాస్ అయితే దాని జోలికే పోయేది కాదు. ప్రాంప్టు దగ్గర మీ కోసం ఎదురు చూస్తూ "కీ నొక్కారా? కీ నొక్కారా?" అని తిరుగుతూనే ఉండేది. పని ఉన్నా లేకపోయినా చిప్పు వేడి ఒక్కటే.

1993-94 ప్రాంతంలో ఎస్ఎల్ ఎన్‌హాన్స్‌డ్ 486లు, వాటి వెనక కొత్త పెంటియంలు వచ్చాక హాల్ట్ చెబితే చిప్పు లోపల గడియారం చాలావరకు ఆగడం మొదలైంది. ఇప్పుడు హాల్ట్‌కి విలువ వచ్చింది. అయినా విండోస్ 95 దాన్ని వాడలేదు. అందుకే అప్పట్లో రెయిన్, సీపీయూఐడిల్ లాంటి చిన్న చిన్న ప్రోగ్రాములు విడిగా తెచ్చి పెట్టుకునేవారు. అవి చేసేదల్లా విండోస్‌కి పని లేనప్పుడు హాల్ట్ చెప్పడమే. లైనక్స్ తన ఐడిల్ టాస్క్‌లో తొలి రోజుల్లోనే హాల్ట్ వాడింది కానీ, దానికి వేరే తలనొప్పి. కొన్ని మెషీన్లు హాల్ట్ చెబితే మళ్ళీ లేచేవి కావు! అందుకని "నో-హాల్ట్" అని ఒక బూట్ ఆప్షన్ పెట్టారు. పాత 32 బిట్ లైనక్స్‌లో సీపీయూఇన్ఫో ఫైలు తెరిస్తే "హాల్ట్ బగ్: నో" అని ఒక వరస కనబడేది, గుర్తుందా? అది ఆ రోజుల గుర్తే.

ఈలోగా లాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ అనేసరికి అందరికీ ఆదా గుర్తొచ్చింది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అని ఒక పద్ధతి తెచ్చాయి. అందులో పెత్తనమంతా బయోస్‌ది. ఎప్పుడు నిద్రపోవాలో, ఎంత నిద్రపోవాలో మదర్‌బోర్డు మీద కూర్చున్న బయోస్ చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అడగడం, తలూపడం వరకే.

మా యానాం వాళ్ళకి ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. చుట్టూ ఆంధ్రా, పక్కనే కాకినాడ. ఉత్తర్వులు మాత్రం రోడ్డున దాదాపు 800 కిలోమీటర్ల అవతల పాండిచ్చేరి నుంచి రావాలి. 1954 దాకా అయితే ఆ పైన ఫ్రాన్స్ కూడాను. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు నిషేధిస్తే, అది ఇక్కడ చెల్లదు కాబట్టి చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి యానాంలో పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. కల్యాణపురం అని పేరు కూడా పడింది ఊరికి. నిర్ణయం తీసుకునేవాడు ఒకచోట, సంగతి తెలిసినవాడు ఇంకోచోట ఉంటే ఇలాంటి సందులు పుడతాయి. బయోస్ విషయంలో జరిగిందీ అదే. ఏ ప్రోగ్రాము నడుస్తోందో, ఏ టైమర్ ఎప్పుడు మోగాలో తెలిసింది కెర్నెల్‌కి. నిద్ర నిర్ణయించేది బయోస్.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ మొదటి వెర్షన్ విడుదల చేసి ఈ పెత్తనాన్ని తిరగేశాయి. బయోస్ పని తన దగ్గర ఏమేం నిద్రలున్నాయో పట్టిక ఇవ్వడం. ఎంచుకునే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది. ఆ పట్టికలోవే మనం వినే సీ స్టేట్లు. సీ0 అంటే మెలకువ. సీ1 అంటే హాల్ట్. సీ2, సీ3 ఇంకా లోతు. తర్వాత చిప్పులతో పాటు అంకెలు కూడా పెరిగి సీ6, సీ7, సీ10 దాకా వెళ్ళాయి. 2008 చివర్లో వచ్చిన నెహాలెమ్‌లో సీ6 అంటే ఆ కోర్‌కి కరెంటే పూర్తిగా కట్ చెయ్యడం.

లోతు నిద్ర మంచిదైతే ఎప్పుడూ అదే పోవచ్చు కదా అనిపిస్తుంది. దీనికి మా డెల్టాలోనే ఒక ఉదాహరణ ఉంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ ఇక్కడి వ్యవసాయమంతా కాలువల మీదే. ఏటా వేసవిలో దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకనీ, పూడిక తియ్యడానికనీ కాలువలు కట్టేస్తారు. కట్టేముందు ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. మళ్ళీ వదిలాక నీళ్ళు శివారు దాకా పాకడానికి రోజులు పడుతుంది. రెండు నెలల కోసం కాబట్టి ఈ తిప్పలన్నీ పడతారు. "ఎల్లుండి దాకా నీళ్ళు అక్కర్లేదు, కాలువ కట్టేయండి" అని ఏ రైతూ అనడు. అంటే నవ్వుతారు.

ప్రాసెసర్‌కీ అంతే. లోతు నిద్రలోకి పోయేముందు కాష్‌లో ఉన్నదంతా మెమరీకి రాసుకోవాలి, రిజిస్టర్లు దాచుకోవాలి. అదే చెరువులు నింపుకోవడం. లేచాక అన్నీ మళ్ళీ తెచ్చుకోవాలి. అదే శివారు దాకా నీళ్ళు పాకడం. అందుకే ప్రతి సీ స్టేట్‌కీ కెర్నెల్ దగ్గర రెండు అంకెలుంటాయి. లేవడానికి ఎంతసేపు పడుతుంది అన్నది ఒకటి. కనీసం ఎంతసేపు నిద్రపోతే గిట్టుబాటు అవుతుంది అన్నది రెండోది. 2015లో వచ్చిన స్కైలేక్‌కి లైనక్స్ కెర్నెల్‌లో రాసి ఉన్న లెక్క చూడండి. సీ1 నుంచి లేవడానికి 2 మైక్రోసెకన్లు. సీ6 అయితే 85, కనీసం 200 మైక్రోసెకన్లు పడుకుంటేనే లాభం. సీ10 అయితే లేవడానికే 890, కనీసం 5000 పడుకోవాలి. అంతకంటే ముందే లేపేస్తే, పడుకోకుండా ఉంటే అయ్యే ఖర్చు కంటే పడుకున్నందుకే ఎక్కువవుతుంది.

కాబట్టి అసలు ప్రశ్న "ఎంత లోతుగా పడుకోవాలి" కాదు. "మళ్ళీ ఎప్పుడు లేపుతారు" అన్నది. అంటే కెర్నెల్ జోస్యం చెప్పాలి! అదీ ప్రతి కోర్‌కీ, సెకనుకి వేలసార్లు.

2000 తర్వాత కొన్నేళ్ళ దాకా ఈ జోస్యం అవసరమే రాలేదు. ఎందుకంటే లైనక్స్ ఎవర్నీ ఎక్కువసేపు నిద్రపోనిచ్చేది కాదు. కెర్నెల్ గుండె చప్పుడులా టైమర్ టిక్ ఒకటి ఉండేది. 2.4 కాలంలో పీసీల మీద సెకనుకి 100 సార్లు, 2.6 వచ్చాక 1000 సార్లు కొట్టుకునేది. 2005లో 2.6.13కి వచ్చేసరికి డిఫాల్టుగా 250కి తగ్గించారు. పని ఉన్నా లేకపోయినా ఈ టిక్ ఆగదు. నిద్రపోయేవాడిని సెకనుకి వెయ్యిసార్లు లేపి "ఏవండీ, నిద్రపోయారా?" అని అడిగినట్టన్నమాట. ఏ 5 మిల్లీసెకన్లో పడుకోవాల్సిన లోతు నిద్ర ఇక ఎక్కడిది?

ఈ జబ్బు ముందు గుర్తించింది లాప్‌టాప్‌ వాళ్ళు కాదు, మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళు. ఐబీఎం ఎస్390 మీద ఒకే పెట్టెలో వందల లైనక్స్ గెస్టులు నడిపేవారు. ఒక్కొక్కటీ సెకనుకి 100 సార్లు లేస్తే, అందరూ ఖాళీగా ఉన్నా మెయిన్‌ఫ్రేమ్ మాత్రం ఊపిరాడకుండా పనిచేసేది. అందుకని పని లేనప్పుడు టిక్ ఆపేసే కోడ్ ఎస్390కి ముందే రాసుకున్నారు. మన పీసీలకి అది 2007 ఏప్రిల్‌లో, 2.6.21తో వచ్చింది. థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ల పని అది. 64 బిట్ వాళ్ళు 2008 జనవరిలో వచ్చిన 2.6.24 దాకా ఆగాల్సి వచ్చింది.

మధ్యలో ఇంకో చిత్రమైన అడ్డంకి. సీ3 లాంటి లోతు నిద్రలో ప్రాసెసర్‌తో పాటు దాని లోకల్ టైమర్ కూడా నిద్రపోయేది. అలారం పెట్టుకుని పడుకుంటే అలారం కూడా పడుకుందన్నమాట :) టైము లెక్క పెట్టే టీఎస్‌సీ కౌంటర్ కూడా కొన్ని చిప్పుల్లో ఆగిపోయేది, లేచాక ఎంతసేపు పడుకున్నామో తెలిసేది కాదు. అందుకని హెచ్‌పెట్ అనే బయటి టైమర్‌ని కాపలా పెట్టి, "నన్ను లేపు" అని దానికి చెప్పి పడుకునే ఏర్పాటు చేశారు. తర్వాత తరం చిప్పుల్లో నిద్రపోని టైమర్లు వచ్చాక గానీ ఈ గొడవ తీరలేదు.

సరే, టిక్ ఆగింది. ఇక హాయిగా నిద్రే అనుకున్నారు. 2007 మే నెలలో ఇంటెల్‌లో పనిచేసే అర్జాన్ వాన్ డె వెన్ పవర్‌టాప్ అని ఒక చిన్న టూల్ విడుదల చేశాడు. ప్రాసెసర్‌ని ఎవరు ఎన్నిసార్లు లేపుతున్నారో పేర్లతో సహా చూపిస్తుందది. చూస్తే దొంగలంతా ఇంట్లోవాళ్ళే! డ్రైవ్‌లో సీడీ పెట్టారేమోనని కొన్ని సెకన్లకోసారి చూసేది ఒకటి. మీరు కీబోర్డు దగ్గర ఉన్నారా లేదా అని తొంగి చూసే చాట్ ప్రోగ్రాము ఇంకోటి. ఏ అవసరం లేకుండా టైమర్ పెట్టుకుని అలవాటుగా లేచేవి మరికొన్ని. ఒక్కొక్కరూ "నేను లేపేది ఒక్కసారేగా" అనుకున్నవాళ్ళే. అందరూ కలిసి నిద్ర లేకుండా చేశారు. కెర్నెల్ వాళ్ళు కూడా తమ వంతు సర్దుకున్నారు. "నాది అర్జెంటు కాదు, వేరే ఎవరైనా లేపినప్పుడు నా పనీ చూడు" అని చెప్పుకునే డిఫరబుల్ టైమర్లు అదే ఏడాది 2.6.22లో వచ్చాయి.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో గొప్ప మలుపు ఇదే. చిప్పు మారలేదు. బ్యాటరీ మారలేదు. ఎవరు లేపుతున్నారో పేరు పెట్టి చూపించేసరికి, ఎవరి కోడ్ వాళ్ళు సర్దుకున్నారు.

ఇప్పుడు జోస్యం చెప్పేవాడు కావాల్సి వచ్చింది. అదే 2007లో ఒటావాలో జరిగిన లైనక్స్ సింపోజియంలో వెంకటేశ్ పల్లిపాడి, షావోహువా లీ, ఆడమ్ బెలే కలిసి సీపీయూఐడిల్ అనే ఫ్రేమ్‌వర్క్ గురించి పేపర్ చదివారు. అది కూడా 2.6.24లోనే కెర్నెల్‌లో చేరింది. దీని గొప్పతనం పనిని రెండుగా విడగొట్టడం. ఏ చిప్పులో ఏ నిద్ర ఎలా పోవాలో తెలిసింది డ్రైవర్‌కి. ఇప్పుడు ఏ నిద్ర పోవాలో తేల్చేది గవర్నర్. ల్యాడర్ గవర్నర్ నిచ్చెన మెట్లలా ఒక్కో మెట్టూ దిగుతుంది. మెనూ గవర్నర్ మాత్రం వచ్చే టైమర్ ఎప్పుడో చూసి, ఆ ముందు తన లెక్క ఎంత తప్పిందో దానితో సరిచేసుకుని, క్రితం ఎనిమిది నిద్రల్లో ఏదైనా వరస ఉందేమో చూసి, నేరుగా కావలసిన లోతుకి దూకుతుంది.

బయోస్ పెత్తనం మిగిలిన ముక్క కూడా 2010లో పోయింది. చాలా బయోస్‌లు ఇచ్చే పట్టికలు తప్పుల తడకలు, కొన్నిట్లో లోతు నిద్రలే ఉండవు. ఇంటెల్‌లోని లెన్ బ్రౌన్ 2.6.35లో ఇంటెల్_ఐడిల్ డ్రైవర్ పెట్టి, ఏ చిప్పుకి ఏ అంకెలో కెర్నెల్‌లోనే రాసేశాడు. పైన నేను చెప్పిన స్కైలేక్ లెక్క ఆ డ్రైవర్‌లోదే. పాండిచ్చేరి నుంచి ఫైలు వచ్చేదాకా ఆగకుండా ఇక్కడే సంతకం పెట్టేసుకున్నట్టు!

ఖాళీగా ఉండటం విలువ ఎంతో లోకానికి ఒక్క రాత్రిలో తెలిసొచ్చింది 2012లో. జూన్ 30 చివర, మనకైతే జులై 1 తెల్లవారి 5:30కి, లీప్ సెకను ఒకటి కలిపారు. కెర్నెల్ టైమర్ లెక్కలో ఒక బగ్ ఉండి, చిన్న టైమర్లు పెట్టుకున్న ప్రోగ్రాములు నిద్రపోబోయిన ప్రతిసారీ వెంటనే లేచేశాయి. జావా సర్వర్లు, మైఎస్‌క్యూఎల్ సర్వర్లు ఎన్నో నూరు శాతం సీపీయూతో తిరిగాయి. జర్మనీలోని హెట్జ్‌నర్ అనే హోస్టింగ్ సంస్థ ఆ రాత్రి తమ కరెంటు వాడకం దాదాపు ఒక మెగావాట్ పెరిగిందని కస్టమర్లకి రాసింది. ఆ మెగావాట్‌తో ఒక్క పని కూడా అదనంగా జరగలేదు. పడుకోవాల్సినవాళ్ళు పడుకోలేకపోవడం ఖరీదు అది.

ఇక చివరి మలుపు. 2017లో జర్మనీలోని డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక వింత గమనించి దానికి "పవర్‌నైట్‌మేర్స్" అని పేరు పెట్టారు. పొరపాటు జోస్యం వల్ల వచ్చే పీడకలలన్నమాట. కొన్నిసార్లు ఒక కోర్ టపటపా నాలుగైదుసార్లు లేస్తుంది. మెనూ గవర్నర్ "ఓహో, మళ్ళీ ఇప్పుడే లేపుతారు" అనుకుని తేలిక నిద్ర ఎంచుకుంటుంది. ఆ తర్వాత ఎవరూ లేపరు. టిక్ కూడా ఆగిపోయింది కాబట్టి "జోస్యం తప్పింది, లోతుకి వెళ్ళు" అని చెప్పే దిక్కు లేదు. అలా ఆ కోర్ సెకన్ల తరబడి తేలిక నిద్రలోనే కరెంటు తాగుతూ ఉండిపోతుంది.

2018 జూన్‌లో వచ్చిన 4.17లో రఫాయెల్ విసోట్స్కీ దీన్ని సరిదిద్దాడు. గవర్నర్ "చిన్న నిద్రే" అని చెబితే టిక్ ఆపరు, నడవనిస్తారు. జోస్యం నిజమైతే టిక్ కంటే ముందే లేస్తుంది, నష్టం లేదు. తప్పితే టిక్ వచ్చి లేపుతుంది, ఈసారి లోతుగా పడుకోవచ్చు. పదేళ్ళ ముందు ఏ టిక్‌ని శత్రువని తరిమారో, దాన్నే కాపలాకి పెట్టుకున్నారు. 2019 మే నెలలో 5.1తో ఆయనే టీఈఓ అనే కొత్త గవర్నర్ కూడా తెచ్చాడు. ఎక్కువసార్లు లేపేది టైమర్లే కాబట్టి వాటినే ఎక్కువ నమ్మాలన్నది దాని సిద్ధాంతం.

ఇప్పుడు, ఇదంతా మనకెందుకు అన్న సంగతికొద్దాం.

ఈ నిద్రలని మూడు చోట్ల మార్చుకోవచ్చు. కెర్నెల్ కట్టేటప్పుడు ఏ గవర్నర్లు ఉండాలో ఎంచుకోవచ్చు. బూట్ చేసేటప్పుడు మాక్స్ సీస్టేట్ అని లోతుకి హద్దు పెట్టొచ్చు, ఐడిల్=పోల్ అని పెట్టి అసలు నిద్రే లేకుండా చెయ్యొచ్చు. నడుస్తుండగా సిస్ఎఫ్ఎస్ కింద ప్రతి కోర్‌కీ ఉండే సీపీయూఐడిల్ ఫోల్డర్‌లో ఒక్కో స్టేట్‌ని విడిగా ఆపొచ్చు. హద్దు పెట్టాల్సిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. బే ట్రైల్ చిప్పులున్న చవక లాప్‌టాప్‌లు లోతు నిద్రలోకి పోయి గడ్డకట్టుకుపోతుంటే, కొన్నేళ్ళ పాటు జనం మాక్స్ సీస్టేట్ 1 అని పెట్టుకునే బతికారు. బ్యాటరీ పోతే పోయింది, మెషీన్ నిలబడింది.

కానీ మన సర్వర్లలో ఎక్కువగా జరిగేది అది కాదు. "పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్" అని ఎప్పుడో ఎవరో రాసిన డాక్యుమెంట్లోంచి రెండు లైన్లు ఎత్తి బూట్ లైన్లో పెడతారు. ఒకచోట నేను చూసిన సర్వర్ల వరస మొత్తానికి ఐడిల్=పోల్ ఉంది. ఎందుకని అడిగితే "ముందునుంచీ ఉందండి" అన్నారు. పెట్టినాయన ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ మెషీన్లు చేసేదేమో రాత్రి పూట రిపోర్టులు తయారుచెయ్యడం! మైక్రోసెకన్లతో వాటికేం పని?

పైగా నిద్ర ఆపితే వేగం పెరుగుతుందన్నది కూడా అన్నివేళలా నిజం కాదు. టర్బో ఎలా పనిచేస్తుంది? పక్క కోర్లు లోతుగా పడుకుంటే మిగిలిన కరెంటు, వేడి వాటా పనిచేసే కోర్ వాడుకుని ఇంకా వేగంగా పరిగెడుతుంది. అందర్నీ మేల్కొలిపి కూర్చోబెడితే ఆ వాటా పోతుంది. హైపర్‌థ్రెడింగ్ ఉంటే ఇంకా అన్యాయం, ఖాళీగా తిరిగే థ్రెడ్ పనిచేసే థ్రెడ్ నోటి దగ్గర కూడు లాక్కుంటుంది. ఐడిల్=పోల్ కరెంటు బాగా తాగుతుంది, మెషీన్ వేడెక్కుతుంది, వాడొద్దు అని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. చదివేదెవరు?

తొందరగా లేవాల్సిన అవసరం నిజంగా ఉన్న ప్రోగ్రాముకి మర్యాదైన దారి ఒకటుంది. సీపీయూ డీఎమ్ఏ లేటెన్సీ అనే డివైస్ ఫైలు తెరిచి "నేను నడుస్తున్నంతసేపు ఇన్ని మైక్రోసెకన్లలోపు లేచే నిద్రలే పొండి" అని చెప్పొచ్చు. ఫైలు మూస్తే హద్దు పోతుంది. అవసరం ఉన్నవాడు, ఉన్నంతసేపే అడుగుతాడు. నిద్రని శాశ్వతంగా చంపక్కర్లేదు.

ఒక్క లెక్క చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక సర్వర్ 50 వాట్లు అనవసరంగా తాగిందనుకుందాం. ఏడాదికి 438 యూనిట్లు. అలాంటివి వంద ఉంటే 43,800. ఆ బిల్లు మన టీం కట్టదు, క్లౌడ్ అయితే మన కంటికి కూడా కనబడదు. అందుకే మనకి పట్టదు. కానీ 2022 ఏప్రిల్‌లో ఆంధ్రాలో కరెంటు చాలక పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు. షెడ్డు మూస్తే రోజుకూలీకి ఆ రోజు కూలి లేదు. మన సర్వర్ ఉన్నది అదే గ్రిడ్డు మీద కాకపోవచ్చు. కరెంటు ఉత్తినే రాదన్న సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

మీ చేతిలో లైనక్స్ సర్వర్లుంటే ఈ వారం ఒక పని చెయ్యండి. బూట్ లైన్ ఒకసారి చదవండి. ప్రతి స్టేట్ కింద టైమ్ అనే ఫైలు ఉంటుంది, ఏ నిద్రలో ఎంతసేపు గడిచిందో మైక్రోసెకన్లలో చెబుతుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న మెషీన్‌లో లోతు నిద్ర ఎదురుగా సున్నా కనబడితే, ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో అడగండి. మంచి కారణం ఉంటే ఉంచండి. "ముందునుంచీ ఉందండి" అన్నది మాత్రం కారణం కాదు.